మూరెడు పైన కొట్టిన మేకు

ఈమధ్య ఏలూరులో ఏ కల్యాణమండపం ముందు నుంచి వెళ్ళినా నాకు ఒళ్ళు మండుతుంది. గేటు పక్కన నిలువెత్తు ఫ్లెక్సీ, అందులో వధూవరులు, వాళ్ళ వెనక ఏదో రాజమహలు. ఆ మహల్లోని నేల, ఇంటి చూరులా ఏటవాలుగా లేచి ఉంటుంది. పెళ్ళికూతురి కాళ్ళు దాని మీద ఆనవు. మొన్న ఉండబట్టలేక ఒక ఫ్లెక్సీ షాపులోకి వెళ్ళి, కంప్యూటరు ముందున్న అబ్బాయిని అడిగాను.

“ఏం బాబూ, ఈ అమ్మాయి ఎక్కడ నిలబడింది?”

“బ్యాక్‌గ్రౌండ్ మీదండి, తాతగారూ.”

నేల మీద అనలేదు చూశారా! తెగులంతా అక్కడే ఉంది.

అబ్బాయి మంచివాడే. కుర్చీ వేసి, మంచినీళ్ళిచ్చి, “అయితే ఎలా చెయ్యాలో రాసివ్వండి, మా వాళ్ళందరికీ చూపిస్తాను” అన్నాడు. అందుకని రాస్తున్నాను. నేను ఆరో తరగతితో బడి మానేసినవాణ్ణి. ఫొటో స్టూడియోలకు తెరలు వేసి బతికాను. తెర అంటే, ఫొటో తీయించుకునే మనిషి వెనక వేలాడే బొమ్మల గుడ్డ. మేడమెట్లు, స్తంభాలు, నల్లా తెల్లా గళ్ళ నేల, వెనక పూలతోట. మా రోజుల్లో ఫొటోకి రంగుల్లేవు కాబట్టి ఆ తోట కూడా బూడిదరంగులోనే ఉండేది. పది అడుగుల గుడ్డ మీద అరమైలు దూరం చూపించాలి. అదే మా పని.

ఎన్ని తెరలు వేశాను, ఎవరు మెచ్చుకున్నారు అన్నది మీకనవసరం. నేను చేసిన ఒక తప్పు వల్ల కైకలూరులో ఒకావిడ చేతిలోంచి కెమెరా పోబోయింది. ఆ సంగతి చెప్పడానికే కూర్చున్నాను. దానికి ముందు, దూరం ఎలా పుడుతుందో నాలుగు మాటలు చెప్పాలి.

కరీం గారి దారం

మా గురువు కరీం గారు. ఏలూరు కాలవగట్టున పెంకుటింట్లో ఆయన పని. ఎండిన గుడ్డ మీద, తోళ్ళు కాచి తీసే వజ్రం బంక కలిపిన సుద్ద పూసి, అది ఆరాక గోడకి బిగించి, ముందు కుంచె కాదు, సుత్తి పట్టుకునేవారు. తెర మీద ఒకచోట మేకు కొట్టేవారు. మేకుకి దారం కట్టి, దారానికి నీలిపొడి పట్టించి, బిగలాగి వేలితో మీటితే గుడ్డ మీద తిన్నని గీత పడేది. నేల గళ్ళు, స్తంభాల పాదాలు, గోడ పైఅంచులు, అన్నిటి గీతలూ ఆ మేకు దగ్గరికే వెళ్ళి కలిసేవి. ఆ చోటుని ఆయన ముడి అనేవారు.

“ముడి సరిగ్గా పడితే తెర సగం అయిపోయినట్టేనయ్యా సత్యం. తప్పు పడితే దేవుడు దిగొచ్చి రంగులేసినా అది గుడ్డే.”

ఆ మేకు ఎంత ఎత్తున కొట్టాలో ఆయన తన ఇష్టప్రకారం తేల్చేవారు కాదు. స్టూడియోకి వెళ్ళగానే ఒకటే అడిగేవారు. “బొమ్మ ఏం కావాలో తర్వాత చెబుదురు గాని, కెమెరా కన్ను ఎంత ఎత్తున ఉంటుందో చూపించండి.” గాట్లు పెట్టిన వెదురుబద్ద ఒకటి ఆయన చంకలో ఉండేది. కెమెరా అద్దం దాకా దాన్ని నిలబెట్టి గాటు చూసుకుని, వచ్చి సరిగ్గా అంత ఎత్తునే మేకు కొట్టేవారు. నాకు అది చాదస్తంగా కనిపించేది.

నీళ్ళు లేచాయా?

నా మొహం చూసి కనిపెట్టారేమో, ఒకరోజు పొద్దున్నే కొల్లేటికి తీసుకువెళ్ళి దోనె ఎక్కించారు. దోనె తోసే ఆయన ఒక కొస నిలబడ్డాడు. నేను రెండో కొస చతికిలబడ్డాను.

“ఏం కనబడుతోంది?” అన్నారు కరీం గారు.

“నీళ్ళండి.”

“నీళ్ళు నువ్వు పుట్టినప్పట్నించీ చూస్తున్నావు. ఆ నీళ్ళ చివరి గీత ఇతనికి ఎక్కడ తగులుతోంది?”

“నడుము దగ్గరండి.”

“లేచి నిలబడు. ఇప్పుడు?”

నిలబడ్డాను. “కళ్ళ దగ్గరండి!”

“అతను కుంగాడా? నీళ్ళు లేచాయా?”

“లేదండి. నా కన్ను లేచింది.”

“సాయిబు గారూ,” అన్నాడు దోనె ఆయన, “ఆయన్ని కూర్చోమనండి బాబూ. లేకపోతే ముగ్గురం లేచేది నీళ్ళలోంచే.”

పుస్తకాల్లో దీన్ని ఎన్ని పేజీలు రాస్తారో నాకు తెలియదు. నాకు మాత్రం ఆ ఒక్క ఊపుతో అర్థమైంది. భూమి అంచు ఎప్పుడూ చూసేవాడి కంటి ఎత్తునే ఉంటుంది. ఫొటోలో చూసేది కెమెరా. కాబట్టి దాని ఎత్తే తెర ఎత్తు.

ఆ పొద్దుటే ఇంకో పాఠం కూడా అయింది. దగ్గర తుంగ కారునలుపు. దాని వెనక తుంగ పలచన. అవతలి గట్టు ఆకాశంలో నానేసినట్టు ఉంది. “దూరమైనది చిన్నదవుతుందని అందరికీ తెలుసు. చిక్కదనం కూడా పోగొట్టుకుంటుందని గుర్తుపెట్టుకో” అన్నారు. అప్పట్నించీ నా దగ్గర మూడు గిన్నెలు. ముందు స్తంభానికి చిక్కటి గిన్నె, నడిమి స్తంభానికి కాస్త సుద్ద కలిపినది, వెనక తోటకి దాదాపు సుద్దే. దగ్గరి ఆకుకి ఈనె గీస్తాను. దూరపు చెట్టుకి ఆకే గీయను. మీ కంప్యూటరు వెనకా ముందూ అన్నిటినీ ఒకే పదునుతో చూపిస్తుంది. కన్ను అలా చూడదు బాబూ.

పుస్తకం ఉన్న మాస్టారు, మెట్లు లెక్కపెట్టిన షాపు ఆయన

తాడేపల్లిగూడెంలో ఒక స్టూడియోకి తెర వేస్తుంటే డ్రాయింగు మాస్టారొకాయన వచ్చి నా వెనక నిలబడ్డారు. చూసి చూసి, స్టూడియో యజమాని వినేలా, “ఇది చెయ్యి అలవాటు. సూత్రం తెలియదు పాపం” అన్నారు. పాపమట! నాకు తల కొట్టేసినట్టయింది. మర్నాడు ఆయన ఇంటికే వెళ్ళి సూత్రం ఏమిటో చూపించమన్నాను. ఇంగ్లీషు పుస్తకం ఒకటి చేతిలో పెట్టారు. అక్షరం అర్థం కాలేదు, గీతలు అర్థమయ్యాయి. మూల నుంచి కనబడే భవనానికి ఒక ముడి చాలదు, అటొకటి ఇటొకటి రెండు కావాలని ఆ బొమ్మల్లోనే నేర్చుకున్నాను. ఆయన మీద నా కోపం ఇప్పటికీ తగ్గలేదు. పుస్తకం ఇచ్చినందుకు గౌరవమూ తగ్గలేదు.

సూత్రం వచ్చాక నాకు పొగరు వచ్చింది. ద్వారకా తిరుమలలో కొండ కింద ఫొటో షాపు ఆయన, గుండు చేయించుకున్న యాత్రికుల వెనక పెట్టడానికి కొండ, మెట్లు, గోపురం వేయమన్నాడు. పైకి పోయేకొద్దీ మెట్లు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయేలా శాస్త్రప్రకారం వేశాను.

“మెట్లన్నీ కనబడాలండీ” అన్నాడు.

“అంత దూరాన మెట్లు కంటికి కలిసిపోతాయండీ.”

“మీ కంటికి కలిసిపోతాయేమో గానీ, ఎక్కినవాళ్ళ మోకాళ్ళకి కలవవు కదండీ.”

దేవుణ్ణి కొండంత, భక్తుణ్ణి గోరంత వేసిన పాత గుడిగోడల చిత్రకారులకి దూరం తెలియదని అప్పటిదాకా వెటకారంగా అనుకునేవాణ్ణి. వాళ్ళకి తెలియక కాదు, వాళ్ళ కొలత వేరు. చూసేవాడి మనసులో ఏది పెద్దదో దాన్ని పెద్దది చేశారు. దండం పెట్టాల్సిన పని అది. మెట్లన్నీ మళ్ళీ వేశాను.

ఇన్ని నేర్చుకున్నా, చూసేది ఎవరు అని అడగడం మాత్రం మర్చిపోయాను. ఇక కైకలూరు సంగతి.

స్టాండు ఎవరు దించారు?

కైకలూరు స్టూడియో యజమాని రామ్మోహనరావు గారు. ఆరడుగుల మనిషి. పాత తెర బూజుపట్టిందని కబురు పెడితే, కరీం గారికి జ్వరంగా ఉండి నన్నొక్కణ్ణే పంపారు. అప్పటిదాకా నేను వేసిన తెరలకి కూడా కొలత తీసింది ఆయనే, నేను ఒంటరిగా కొలతకి వెళ్ళడం అదే మొదలు. రామ్మోహనరావు గారు కౌంటరు దగ్గర కూర్చుని ఉన్నారు. కుడిచేతి మీద కండువా కప్పుకున్నారు. లోపల గదిలో కెమెరా స్టాండు బాగా కిందికి దించి ఉంది. నా నడుము కంటే కాస్త పైకి, అంతే.

ఊడ్చేటప్పుడు అడ్డం అని ఎవరో దించి ఉంటారనుకున్నాను. ఫొటోగ్రాఫరు ఆరడుగుల మనిషి కదా! స్టాండు మరలు విప్పి, ఆయన కంటి ఎత్తుకి నేనే లేపాను. వెదురుబద్ద నిలబెట్టి గాటు చూసుకున్నాను. ఆయన గుమ్మంలోంచి చూస్తూనే ఉన్నారు. “సరేనాండీ?” అన్నాను. “ఊఁ” అన్నారు.

కుడి చెయ్యి పక్షవాతంతో పడిపోయిందనీ, అప్పటికి ఏడాదిగా ఫొటోలు తీస్తున్నది ఆయన భార్య రాజ్యలక్ష్మి గారనీ నాకు తెలియదు. ఆవిడ అయిదడుగులు కూడా ఉండరు. పైగా కుర్చీలో కూర్చున్నవాళ్ళని తీయాలంటే కెమెరా ఇంకా కిందికి ఉండాలని ఆవిడ సొంతంగా కనిపెట్టారు. నిజమే, అలా తీస్తే మనిషికి నిండుదనం వస్తుంది. ఆ స్టాండుని అంత ఎత్తున పెట్టింది ఆవిడ కన్ను. నేను దాన్ని ఊడ్చేవాళ్ళ పని అనుకున్నాను.

అలా నా మేకు ఉండాల్సిన చోటుకి మూరెడు పైన పడింది. తెర మాత్రం, నా గొప్ప కాదు గానీ, అద్భుతంగా వచ్చింది. ఆరు జతల స్తంభాలు, పాలరాతి గళ్ళ నేల, చివర తోట. కరీం గారు కూడా ఏలూరులో వేలాడదీసి చూసి భుజం తట్టారు.

టీ కొట్టులో నా మాట

రెండు నెలల తర్వాత ఐసు ఫ్యాక్టరీ బోర్డు రాయడానికి కైకలూరు వెళ్ళాను. టీ కొట్టులో నలుగురు ఒక పెళ్ళి ఫొటో చుట్టూ చేరి నవ్వుతున్నారు. చేపల మేత అమ్మే షాపు ఆయనది అందరికంటే పెద్ద గొంతు.

“మా బావ కుర్చీతో సహా చెరువులోకి జారిపోతున్నాడు, చూడండెహె!”

“ఆడమనిషి కెమెరా పట్టుకుంటే అంతే మరి. చేపల పులుసనుకుందేంటి?”

“రామ్మోహనరావు గారు కెమెరా అమ్మేస్తారంటండి. ఇంక నయం.”

ఫొటో వంక ఒక్కసారి చూశాను. పెళ్ళికొడుకు వెనక నేల గోడలా పైకి లేచిపోయి ఉంది. కెమెరా కన్ను కింద ఉంది, నా ముడి పైన ఉంది. ఇంకెవరూ చెప్పక్కర్లేదు.

మేత షాపు ఆయన నన్ను గుర్తుపట్టాడు. “ఏవండీ పెయింటరు గారూ, తెర మీదేనట కదా. ఏవంటారు?”

నోరు తెరిచి నేనన్న మాట ఇదీ: “తెరకేం లోటండీ. తీసే చెయ్యి కుదరాలి.”

బోర్డు రాసేసి బస్సెక్కాను. ఊళ్ళో వాళ్ళ మీద మాత్రం మనసులో బోలెడు కోపం తెచ్చుకున్నాను, ఆడమనిషిని అలా అంటారా అని. కోపం ఎప్పుడూ పక్కవాడి మీద తేలిగ్గా వస్తుంది.

ఆవిడ ఏలూరు వచ్చిన రోజు

ఆ వారంలోనే, శుక్రవారం మధ్యాహ్నం, రాజ్యలక్ష్మి గారు బస్సు దిగి మా పెంకుటింటికి వచ్చారు. సంచిలోంచి మూడు ఫొటోలు తీసి కరీం గారి ముందు చాప మీద పరిచారు.

“ఏవండీ, తప్పు నాదో తెరదో చెప్పండి, అంతే చాలు. నాదైతే నేర్చుకుంటాను. మా ఆయన తాడేపల్లిగూడెంలో ఒకాయనకి మాటిచ్చేశారు. ఆయన ఆదివారం వచ్చి కెమెరా పట్టుకుపోతాడు. ఈలోగా నాకు తెలియాలి.”

మొదటిది ఆ పెళ్ళి ఫొటోయే, ఆవిడ మామూలు ఎత్తున తీసినది. నేల జారుతోంది. రెండోది కెమెరాని బాగా పైకి లేపి, తను పీటెక్కి తీసినది. నేల తిన్నగా పరుచుకుంది, కానీ కుర్చీలో మనుషులు పై నుంచి అదిమినట్టున్నారు. మూడోది తెర తీసేసి ఉత్త గోడ ముందు, మామూలు ఎత్తునే తీసినది. నిక్షేపంలా ఉంది. ఎవరూ చెప్పకుండా, ఒక్కొక్కటే మార్చి చూసి, తప్పు ఎక్కడుందో దాని గుమ్మం దాకా వచ్చేశారావిడ. నా మొత్తం వృత్తిలో అంతటి పరీక్ష చేసినవాళ్ళని ఇంకొకర్ని చూడలేదు.

కరీం గారు మొదటి ఫొటో మీద స్కేలు పెట్టి పెన్సిలుతో గళ్ళ గీతల్ని పొడిగించారు. అన్నీ పెళ్ళికొడుకు తలపాగా మీదుగా పోయి కలిశాయి. కూర్చున్న మనిషి తల ఎత్తున తీసిన ఫొటోలో ముడి తల మీద మూరెడు ఎగువన ఉంది. ఆయన ఫొటో నా వైపు తిప్పారు.

“ఆవిడ అడిగింది వినబడిందిగా. నువ్వే చెప్పు.”

“తెరదేనండి,” అన్నాను. “నాదేనండి. స్టాండు ఎవరో దించారనుకుని నేను లేపి కొలిచాను.” అక్కడితో ఆగుదామనుకున్నాను. ఆగలేకపోయాను. టీ కొట్టులో అన్న మాట కూడా చెప్పేశాను.

ఆవిడ నన్ను తేరిపార చూశారు. “మా ఊళ్ళో టీ కొట్టు దాకా వచ్చారు. నాలుగడుగులేస్తే మా షాపు. రాలేకపోయారా?”

కరీం గారు తిట్టి ఉంటే బాగుండును. తల దించుకుని, “మా వెదురుబద్ద అబద్ధం చెప్పిందమ్మా. తప్పు మాది. కొత్త తెర వేసిస్తాం, కానీ గుడ్డ ఆరి రంగెక్కాలంటే నెల పడుతుంది” అన్నారు.

“ఆదివారానికి కెమెరా ఉండదండీ.” ఆవిడ ఫొటోల వంకే చూస్తున్నారు. పెన్సిలు గీతల మీద వేలు పెట్టి అడిగారు. “ముడి మూరెడు పైనుందంటున్నారు. తెరనే మూరెడు కిందికి దించితే?”

కరీం గారు పెన్సిలు కింద పెట్టేశారు. “యా అల్లా! ఇంత వయసొచ్చింది, నాకు తట్టలేదమ్మా!”

ముడి గుడ్డ మీద కదలదు, గుడ్డ కదులుతుంది. కింద మూరెడు వెనక్కి మడిస్తే దగ్గరి గళ్ళు ఒక వరస పోతాయి, అంతే. పైన ఖాళీ పడే మూరెడుకి కమాను వేసిన గుడ్డ అతికిస్తే సరి. నేను ఆ పూటే గుడ్డ ముక్క తీసి కమాను మొదలుపెట్టాను.

శనివారం

శనివారం పొద్దున కైకలూరు బస్సు దిగి ముందు టీ కొట్టుకే వెళ్ళాను. మేత షాపు ఆయన అక్కడే ఉన్నాడు.

“ఆవేళ తీసే చెయ్యి కుదరాలన్నాను కదండీ. కుదరనిది నా చెయ్యి. తెర తప్పు. ఆవిడ పని నిఖార్సయినది.”

“మరి ఆవేళే చెప్పలేదేవండీ?”

“సిగ్గేసింది.”

“ఆవిడకి వెయ్యలేదంటారా?” అన్నాడు. నవ్వినవాళ్ళలో మొదటివాడు ఆయనే. కానీ మాట నిజం, పడ్డాను. ఆయన గ్లాసు పెట్టేసి, “పదండి చూద్దాం” అంటూ నా వెంట వచ్చాడు.

రాజ్యలక్ష్మి గారు కమాను గుడ్డని చేత్తో కుట్టి అతికించారు. తెర దించాం. మేత షాపు ఆయన్నే కుర్చీలో కూర్చోబెట్టి ఒక ఫొటో తీసి, చీకటిగదిలోకి వెళ్ళి, తడి ఫొటో పట్టుకుని వచ్చారు. నేల పరుచుకుని ఉంది. స్తంభాలు ఆయన భుజాల వెనక నుంచి వరసగా తోటలోకి నడిచి వెళ్తున్నాయి. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసుకుని, “నా వెనక ఇంత చోటుందా?” అన్నాడు. మా వృత్తిలో ఇంతకు మించిన మెప్పు లేదు.

కొత్తగా పనిలోకి వచ్చేవాళ్ళకి నేను చెప్పేది ఇంతే. గీతలు మిషను గీస్తుంది, మంచిదే. కానీ బొమ్మ మొదలుపెట్టే ముందు దాన్ని చూసే కన్ను ఎవరిదో, ఎంత ఎత్తున ఉందో వెళ్ళి చూసిరండి. ఊహించకండి. తప్పు పడితే పడుతుంది. పడినరోజే ఒప్పుకోండి. మీ తప్పు గుడ్డ మీదే ఉండిపోదు, ఎవరి పేరు మీదో వెళ్ళి కూర్చుంటుంది.

ఆ శనివారం మేం ఇదంతా చేస్తున్నంతసేపూ రామ్మోహనరావు గారు గుమ్మం దగ్గర గోడకి ఆనుకుని ఉన్నారు. మేత షాపు ఆయన వెళ్ళాక నా వంక చూడకుండానే అన్నారు.

“ఆ రోజు మీరు స్టాండు నా ఎత్తుకి లేపుతుంటే చూస్తూ ఊరుకున్నానండి. కాదు, ఇప్పుడు తీసేది మా ఆవిడ అనాలి. అనలేదు. కెమెరా మళ్ళీ నా ఎత్తున నిలబడితే చూడబుద్ధయింది.”

రాజ్యలక్ష్మి గారు కెమెరా అద్దం తుడుస్తున్నారు. ఆయన మెల్లగా నడిచివచ్చి తెర ముందు కుర్చీలో కూర్చున్నారు. పడిపోయిన చేతిని రెండో చేత్తో ఎత్తి తొడ మీద పెట్టుకున్నారు. కండువా తీసి నాకందించారు.

“తియ్యి,” అన్నారు భార్యతో. “రేపు ఆ తాడేపల్లిగూడెం ఆయనొస్తే ఈ ఫొటో చూపించి పంపించేద్దాం.”

ఆవిడ కెమెరా తన ఎత్తునే ఉందో లేదో సరిచూసుకుని, స్టాండు మర బిగించారు. ఒక కన్ను మూసి చూశారు.

“గడ్డం కాస్త దించండి,” అన్నారు. “ఇంకొంచెం. ఆఁ, ఇంక కదలకండి.”